జవ్వాది కొండలలో జాగారం

చెన్నపట్నం వెళ్ళినప్పుడల్లా తెలుగు అక్షరాల కోసం వెతుక్కోవడం నాకొక అలవాటు. సత్రాల గోడలమీద దాతల పేర్లు, పాత అచ్చాఫీసుల బోర్డులు, మూతపడిన పుస్తకాల అంగళ్ళ తలుపులు: నెల్లూరులో పిల్లలకు ప్రబంధాలు చెప్పుకు బ్రతికే నాబోటివాడికి ఇవే తీర్థాలు. గడచిన మాఘంలో, మహాశివరాత్రికి ముందురోజున పినాకినీ ఎక్కినప్పుడు కూడా నా జేబులో అటువంటి చిరునామా ఒకటి ఉంది. సంచిలో మరి రెండు వస్తువులున్నాయి. ఒకటి మా అమ్మ కట్టి ఇచ్చిన సున్నుండల డబ్బా. రెండోది మా అమ్మాయి జాతకం.

మా అమ్మాయి చెన్నపట్నంలో ఫిజిక్సు ఎం.ఎస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. జాతకం సంగతి తరువాత చెబుతాను. ముందు చిరునామా సంగతి.

నుంగంబాకంలో వాతావరణశాఖవారి ఆవరణలో ఒక రాతిస్తంభం ఉంది. పదిహేను అడుగుల ఎత్తు, పది టన్నుల బరువు. ఈస్టిండియా కంపెనీవారు 1792లో అక్కడ ఒక నక్షత్రశాల కట్టించారు. ఆ కట్టడం ఇప్పుడు లేదు. ఈ స్తంభం మిగిలింది. దానిమీద లాటిన్‌తోబాటు తమిళం, తెలుగు, హిందుస్తానీ భాషలలో శాసనం చెక్కించారు. ఈ గణితశాస్త్రం ఇక్కడ ఎప్పుడు నాటుకున్నదో వెయ్యేళ్ళ తరువాతివారికి కూడా తెలియాలని వారి ఉద్దేశమట. వెయ్యేళ్ళలో నాలుగోవంతు కూడా గడవలేదు. చుట్టూ టైపిస్టులూ, కారు షెడ్లూ, వేపచెట్లూ! అయినా కంపెనీవారు దొరతనానికి లాటిన్ సరిపోతుందని ఊరుకోక, మన అక్షరాలు కూడా రాతికెక్కించినందుకు తెలుగుమాష్టారిగా నేను వారికి ఒక నమస్కారం బాకీ. ఆ బాకీ తీర్చుకునేందుకే వెళ్ళాను.

మా అమ్మాయి గేటు దగ్గర కాచుకుని ఉంది. అనుమతి చీటీ వ్రాయించుకుని లోపలికి వెళ్ళాము. నేను రాతిని చేత్తో తడిమి అక్షరాలు చూస్తుంటే అది నవ్వి, “నాన్నా, నువ్వు శాసనం కోసం వచ్చావు. నేను ఆ పైన ఉన్నదాని కోసం వస్తాను” అన్నది.

పైన ఏమీ లేదు. ఒకప్పుడు చిన్న దుర్భిణి ఉండేది. అది అటూ ఇటూ తిరగదు. ఉత్తర దక్షిణాల గీతమీదనే కదులుతుంది. ఏ నక్షత్రం ఏ క్షణాన ఆ గీత దాటిందో చూచి వ్రాసుకోవడం దాని పని. ఆ లెక్కనుంచే గడియారాలు దిద్దుకునేవారు. ఇండియన్ స్టాండర్డ్ టైము రాకముందు దేశంలో చాలా రైళ్ళు నడిచిన “మద్రాసు టైము” ఇక్కడ పుట్టినదే. అనగా ఇది కాలాన్ని నిలబెట్టిన కంబం. అది కదిలితే కాలం తప్పుతుంది. అందుకే అంత బరువు.

“ఇక్కడ 1861 నుంచి 1891 దాకా ముప్ఫై ఏళ్ళు పనిచేసినాయన నా నక్షత్రాన్ని పట్టుకున్నాడు” అన్నది మా అమ్మాయి.

‘నా నక్షత్రం’ అనగానే నాకు సంచిలోని జాతకం గుర్తుకువచ్చింది. కాని అది చెప్పేది వేరు. నార్మన్ పాగ్సన్ అనే ఆ ఇంగ్లీషాయన మద్రాసుకు రాకముందు ఆక్స్‌ఫర్డులో ఉండేవాడు. 1855 డిసెంబరు 15న లండనులో జాన్ రస్సెల్ హింద్ అనే ఆయన మిథునరాశిలో అంతకుముందు లేని నక్షత్రం ఒకటి చూచాడు. కొద్దిరోజులలో అది మాసిపోయింది. ఏదో కొత్తతార వెలిగి ఆరిపోయిందనుకునేవారే. కాని 1856 మార్చిలో అదేచోట అది మళ్ళీ వెలుగుతుండగా పాగ్సన్ చూచాడు. ఆరిపోయినది మళ్ళీ వెలిగింది! దానికి యు జెమినోరమ్ అని పేరు వచ్చింది. సగటున నూరురోజులకొకసారి అది అలా పొంగుతూనే ఉంది. పొంగిన ప్రతిసారీ వారం పదిరోజులో, ఇంకా కాస్త ఎక్కువో ఉండి తగ్గిపోతుంది. ఇంగ్లీషులో ఈ జాతికి ప్రళయమో జలప్రళయమో వచ్చినట్టుగా పెద్ద పేరు పెట్టారు. నేను దారిపొడుగునా ఆలోచించి ‘ఉత్పాత తారలు’ అన్నాను. మా అమ్మాయికి అంతగా నచ్చలేదు. వాడుకలో నలిగితే నచ్చవచ్చు.

నక్షత్రాల వెలుగును కొలిచే మెట్లు కూడా ఆ 1856లోనే పాగ్సన్ స్థిరపరచాడు. అయిదు మెట్లు దిగితే వెలుగు నూరోవంతు అవుతుంది. ఈ నక్షత్రం మామూలుగా పద్నాలుగో మెట్టున ఉండి పొంగినప్పుడు తొమ్మిదో మెట్టుకు వస్తుంది, అంటే సరిగ్గా నూరురెట్లు. ఆయన కొలబద్దకు ఆయన చూచిన నక్షత్రమే చక్కని ఉదాహరణగా కుదిరింది.

ఆయన మద్రాసు వచ్చిన ఏడాదే ఒక చిన్న గ్రహాన్ని కనుక్కుని, ఈ ఖండంనుంచి దొరికిన మొదటిది గనుక ‘ఏషియా’ అని పేరు పెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులుగారు 1867లో ఒక చంచల తారను కనుగొన్నారు. దాని జాతి వేరు, అది నెలలమీద నిదానంగా హెచ్చి తగ్గేది. కాని వెలుగు మారే నక్షత్రాన్ని ఇక్కడినుంచి మనవాడొకరు పట్టుకున్నారనేది చిన్న సంగతి కాదు. పాగ్సన్ కుమార్తె ఐసిస్ 1873నుంచి తండ్రికి సహాయకురాలిగా ఇక్కడే ఉద్యోగం చేసింది. 1886లో ఆమెను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో చేర్చుకోవాలని ప్రతిపాదిస్తే, ఆడవారికి చోటులేదని ఆ ప్రతిపాదన వెనక్కు పోయింది. చివరకు 1920లో చేర్చుకున్నారు.

“ముప్ఫైనాలుగేళ్ళు” అన్నది మా అమ్మాయి నావైపు చూడకుండా. అది పరిశోధనకు చేరాలనుకుంటోంది. అయిదేళ్ళు పట్టవచ్చు. మా అమ్మ దానికి పెళ్ళి చేయాలంటోంది. ఆ రెంటిమధ్య నేనూ, నా సంచీ.

* * *

మద్రాసు నక్షత్రశాల పని 1899లో కొడైకెనాల్ కొండకు మారింది. ఆ వంశంలోదే ఇప్పటి కావలూరు నక్షత్రశాల. దాని దాపుల పల్లెలో మా అమ్మాయివాళ్ళ మాష్టారుగారు ఒక మిద్దె అద్దెకు తీసుకుని పన్నెండు అంగుళాల దుర్భిణి పెట్టుకున్నారు. శివరాత్రినాడు చంద్రుడుండడు గనుక పిల్లలు ముగ్గురూ అక్కడ రాత్రంతా మేలుకుంటారట. “జాగారం ఎలాగూ చేస్తావుగా నాన్నా, మాతో చెయ్యి” అని రమ్మన్నది. జాతకం సంగతి రైల్లో మాట్లాడవచ్చునని సరేనన్నాను.

రైల్లో మాట్లాడలేదు. కాట్పాడి దాటాక పాలారు ఇసుక కిటికీపక్కన చాలాదూరం వచ్చింది. ఆంబూరు దగ్గర తోళ్ళ వాసన. వాణియంబాడిలో దిగి బస్సులో ఆలంగాయం చేరాము. అక్కడ కాఫీ ఇచ్చినాయన మా మాటలు విని తెలుగులోకి దిగాడు. యాస తమిళం, మాట మనది. ఎక్కడికని అడిగి, కావలూరనగానే “చుక్కలు చూసేదానికా?” అన్నాడు. పైకి వెళ్ళే దారంతా మలుపులు. చింత, వెదురు, అక్కడక్కడ చందనపుచెట్లు. ఎత్తు సముద్రమట్టానికి ఏడువందల మీటర్లకు కాస్త ఎక్కువ. అంతమాత్రానికే గాలి మారింది.

మాష్టారుగారి పరిచయంవల్ల పగటిపూట నక్షత్రశాల చూడగలిగాము. చెట్లమధ్య తెల్లని పెద్ద గుమ్మటం. లోపలి అద్దం అడ్డంగా 2.34 మీటర్లు, దాన్ని సానపట్టి నునుపు చేసింది మన దేశంలోనే. 1986లో రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి వైణు బాప్పు పేరు పెట్టారు. ఆ బాప్పుగారి బాల్యమూ చదువూ హైదరాబాదులో. తండ్రి నిజామియా నక్షత్రశాలలో పనిచేసేవారు. కొడుకు నిజాం కాలేజీలో చదువుకుంటూ చంచల తారలు చూచేవాడు. ఈ కొండను వెతికి ఎంచుకున్నదీ, ఆ అద్దానికి పూనుకున్నదీ ఆయనే. అది పూర్తికాకముందే 1982లో పోయారు. గుమ్మటం కింద నిలబడి ఇదంతా వింటుంటే గుడిలో స్థలపురాణం విన్నట్టే ఉంది. చెప్పులు విడవబోయి ఆగాను.

మా మిద్దె అక్కడికి రెండుమైళ్ళు. చీకటిపడకముందే పిల్లలు దుర్భిణి సర్దారు. పాగ్సన్ కన్ను పెట్టి చూచినచోట ఇప్పుడు కెమేరా ఉంది. నిమిషానికొక బొమ్మ. ఆ బొమ్మలో మన నక్షత్రం వెలుగును పక్కనున్న నిలకడైన నక్షత్రాల వెలుగుతో సరిచూచి, కంప్యూటరు తెరమీద ఒక చుక్క పెడుతుంది. కంటికి ఆనే అతి మసక తారకంటే ఇది వెయ్యిరెట్లకు పైగా మసక. “చూపించు” అంటే మా అమ్మాయి పునర్వసు జంటను చూపి, దానికి దక్షిణంగా, కొంచెం పుష్యమివైపు వేలు పెట్టింది. అక్కడ నాకు నల్లని ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

అక్కడ ఉన్నది ఒకటి కాదు, రెండు. దాని మాటల్లోనే చెప్పాలని ప్రయత్నిస్తాను. ఒకటి శ్వేతకుబ్జం: సూర్యుడికంటే కాస్త ఎక్కువ బరువు, పరిమాణం మాత్రం మన భూమి అంత. రెండోది ఎర్రనిది, తేలిక, కాని ఒళ్ళు పెద్దది. రెంటిమధ్య దూరం సుమారు పదకొండు లక్షల కిలోమీటర్లు. సూర్యుడి అడ్డుకొలతే పద్నాలుగు లక్షలు. ఒక సూర్యుడు పట్టేచోట రెండు నక్షత్రాలు కాపురం చేస్తున్నాయన్నమాట. ఒకదానిచుట్టూ ఒకటి తిరిగి వచ్చేందుకు పట్టేది 4 గంటల 14 నిమిషాల 45 సెకన్లు. మనకు సంవత్సరమంటే వాటికి అంతే. నెల్లూరునుంచి చెన్నపట్నం వెళ్ళి, భోజనంచేసి కునుకు తీసేలోగా వాటికి ఏడాది గడుస్తుంది!

అంత దగ్గరగా ఉండటంవల్ల ఎర్రదాని పైపొరలలోని వాయువును తెల్లది లాగేసుకుంటుంది. లాగినది నేరుగా మీద పడదు. చుట్టూ పళ్ళెంలాగా తిరుగుతూ పోగవుతుంది. ఎర్రదానినుంచి వచ్చే ధార ఆ పళ్ళెం అంచును కొట్టినచోట, మోటబొక్కెన కాలువలో కుమ్మరించినచోట నురగ లేచినట్టు, వెలుగు లేస్తుంది. పళ్ళెంలో సరుకు నిండుతూ నిండుతూ ఒకనాటికి నిలవలేక లోపలికి కారుతుంది. అదే పొంగు.

“మా నెల్లూరు చెరువు నిండి కలుజు పారినట్టు” అన్నాను.

“చాలావరకు అంతే. కాని చెరువంతా ఖాళీ కాదు నాన్నా. కొంతే దిగుతుంది. మళ్ళీ నిండటం మొదలు.”

ఇదంతా ఎవరు చూచి వచ్చారు? ఎంత పెద్ద దుర్భిణిలో పెట్టినా అది ఒక్క చుక్కే. దూరం సుమారు మూడువందల కాంతి సంవత్సరాలు. హింద్ చూచిన వెలుగు అక్కడ బయలుదేరేనాటికి విజయనగరంలో సదాశివరాయలు సింహాసనంమీద ఉన్నాడు. అంత దూరపు చుక్కలో పళ్ళెమని, ధార అని, అంచున వెలుగుమచ్చ అని ఎలా చెప్పగలిగారు?

“గ్రహణంవల్ల” అన్నది మా అమ్మాయి.

ఎర్రది తిరుగుతూ మనకు అడ్డం వచ్చినప్పుడల్లా వెనకనున్నదానిలో కొంత మరుగవుతుంది. ఎంత త్వరగా మరుగైతే అది అంత చిన్నది. ఎంత వెలుగు పోతే అక్కడ అంత వెలుగు ఉన్నట్టు. కనిపించనిదాని కొలతలు అది మరుగైనప్పుడే తెలుస్తాయి. 1934లో హెర్క్యులిస్ రాశిలో పొంగిన కొత్తతారకు ఇరవై ఏళ్ళ తరువాత, 1954లో, మెర్ల్ వాకర్ అనే ఆయన గ్రహణాలు కనిపెట్టాడు. అక్కడినుంచి ఈ జాతి తారలన్నీ జంటలేనన్న ఆలోచన బలపడింది. మన యు జెమినోరమ్ గ్రహణాలను 1965లో పోలెండుకు చెందిన క్షెమిన్స్కీ ప్రకటించాడు. ఆయన మొదట మరుగవుతున్నది తెల్లతారే అనుకున్నాడు. పొంగు వచ్చినప్పుడు గ్రహణం సరిగా కనబడకపోవడం చూచి, అయితే పొంగేది ఎర్రతార కాబోలునన్నాడు. లెక్కకు సబబుగానే ఉంది. 1971లో స్మాక్ ఒకచోట, వార్నర్, నాథర్ మరొకచోట, ఆ గ్రహణం పట్టేది తెల్లతారకు కాదు, పళ్ళెం అంచున ఉన్న వెలుగుమచ్చకూ, పళ్ళెంలో కొంతభాగానికీ అని తేల్చారు. పొంగినప్పుడు పళ్ళెమంతా వెలిగిపోతే ఆ మచ్చ పోయినా పెద్దగా తెలియదు మరి. క్షెమిన్స్కీ నమోదు చేసిన గ్రహణాలు మాత్రం ఈనాటికీ లెక్కలోకి వస్తాయి. ఆయన ఊహ తప్పింది, వేళలు తప్పలేదు.

మా అమ్మాయి ఈ మాట మామూలుగా అని, కంప్యూటరువైపు తిరిగింది. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది.

* * *

ఇక జాతకం సంగతి చెప్పాలి.

మా అమ్మాయి 2004 మే 4 రాత్రి, తెల్లవారితే 5 అనగా, ఒంటిగంట నలభై నిమిషాలకు పుట్టింది. వైశాఖ పూర్ణిమ. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఆసుపత్రి వరండాలో మా అమ్మ కొంగులో దర్భపోచలు పెట్టుకుని కూర్చుంది. మాకు మరొక దిగులు కూడా ఉండేది. గ్రహణం మొర్రి అనే మాట మన ఇళ్ళల్లో తెలియనివారెవరు? బిడ్డను చూపించగానే మా అమ్మ ముందు పెదవి తడిమి చూచింది. నిక్షేపంలా ఉంది. శాంతి చేయించాము, దానాలిచ్చాము. అంతటితో పోయిందనుకున్నాను. కాని పిల్లకు జ్వరం వచ్చినా, లెక్కల్లో మార్కులు తగ్గినా, “గ్రహణంపూట పుట్టింది, ఏంచేస్తాం” అనేది మా అమ్మ. ప్రేమలేక కాదు. భయం.

పోయిన ఏడాది సంబంధాలు చూడటం మొదలుపెట్టాము. రెండు సంబంధాలు జాతకం అందిన వారంరోజులకే వెనక్కుపోయాయి. మొదటివారు కారణం చెప్పలేదు, రెండోవారు చెప్పారు. అప్పుడు నేను సిద్ధాంతిగారి దగ్గరకు వెళ్ళి, పుట్టినవేళ పొరపాటున వ్రాయించాను, అసలు రాత్రి ఎనిమిదిన్నర అని చెప్పాను. ఆయన నావైపు ఒక్కసారి చూచి, కళ్ళజోడు పెట్టుకుని, కొత్త చక్రం వేశాడు. సూర్యోదయందాకా మనకు ముందురోజే గనుక తిథివారాల దగ్గర చిక్కులేదు. లగ్నం మారింది. గ్రహణం పోయింది. మూడో సంబంధంవారికి ఆ జాతకం చక్కగా కుదిరింది. వారు పిల్లను చూస్తామంటున్నారు. ఆ మాట చెప్పాలనే నేను వచ్చింది.

ఇరవై ఏడేళ్ళుగా పాఠం చెబుతున్నాను. హరిశ్చంద్రుడి కథ ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు.

* * *

ఆ రాత్రి మొదటి గ్రహణం ఎనిమిదీ యాభైరెండుకు రావాలి. ఎనిమిదిన్నరకు తెరమీద చుక్కల వరుస కొంచెం పైకి లేచి ఉంది. ధార కొట్టే మచ్చ మనవైపు తిరిగినప్పుడు అలా పెరుగుతుందట. ఇక పడుతుంది, ఇక పడుతుంది అనుకుంటుండగా పడమటినుంచి సన్నని మబ్బు ఒకటి పమిటలాగా వచ్చి పునర్వసుమీద పరుచుకుంది. చుక్కలు చెదిరిపోయాయి. మబ్బు తొలగేటప్పటికి తొమ్మిదింబావు. గ్రహణం అయిపోయింది.

పిల్లల్లో ఒక కుర్రవాడు ఉసూరుమని, “ఎలాగూ వేళ తెలుసుగదా సార్, లెక్కప్రకారం వేసుకుంటే?” అన్నాడు. మాష్టారుగారు కోప్పడలేదు. మబ్బు వచ్చిందని వ్రాసుకొమ్మన్నారు. ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో కూడా వ్రాసుకొమ్మన్నారు. మా అమ్మాయి పుస్తకంలో వ్రాసింది. ఆ చెదిరిన చుక్కలను కూడా తీసివేయలేదు.

పది దాటాక చలి పెరిగింది. పల్లెలో శివాలయం దగ్గర మైకులో పాటలు, ట్యూబులైట్లు. ఆ వెలుగు మిద్దెమీదికి కొడుతుంటే మాష్టారుగారు వెళ్ళి పూజారిగారిని అడిగి రెండు లైట్లకు గోనెపట్టా కట్టించి వచ్చారు. చేతిలో ప్రసాదం పొట్లంతో. మా అమ్మ ఫోను చేసింది. మేలుకునే ఉన్నానా అని అడిగింది. ఉన్నానన్నాను. పిల్ల తిన్నదా అని అడిగింది. మాట్లాడావా అని అడగలేదు; ఆవిడకు ఆ కొత్తవేళ సంగతి తెలుసు, పడదు కూడా. గ్రహణానికి భయపడుతుంది గాని, అబద్ధానికి అంతకంటే ఎక్కువ భయపడుతుంది మా అమ్మ.

పన్నెండున్నరనుంచి అందరమూ తెర దగ్గరే. ఆకాశం కడిగినట్టు ఉంది. చుక్కలు మళ్ళీ పైకి లేచాయి. ఒంటిగంట కావస్తుండగా ఒక చుక్క కిందికి పడింది. తరువాతది ఇంకా కిందికి. నేను ఊపిరి బిగబట్టానని నాకే తరువాత తెలిసింది. నాలుగైదు నిమిషాలలో వెలుగు సగానికి దిగువకు పోయింది. కాసేపు అక్కడే ఉంది. తరువాత ఎంత త్వరగా పోయిందో అంత త్వరగా తిరిగివచ్చింది. అంతే. చప్పుడు లేదు, తలెత్తి చూస్తే ఆకాశంలో ఏ మార్పూ లేదు. మూడువందల సంవత్సరాలనాడు ఒక ఎర్రనక్షత్రం ఒక వెలుగుమచ్చకు అడ్డువచ్చి తొలగిన సంగతి, కొండమీద పల్లెలో అయిదుగురికి తెలిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మధ్యవేళ ఒంటిగంట ఆరు నిమిషాల చిల్లర. మా అమ్మాయి సెకన్లతో సహా వ్రాసుకుంది. అదికూడా చాలదట. భూమి సూర్యుడిచుట్టూ తిరుగుతూ ఆ నక్షత్రానికి ఒకప్పుడు దగ్గరగా, ఒకప్పుడు దూరంగా ఉంటుంది గనుక, వెలుగు మనల్ని చేరేవేళ ఎనిమిది నిమిషాలదాకా ముందువెనకలవుతుంది. దాన్ని సవరించి, సూర్యుడి దగ్గర నిలబడి చూస్తే ఎన్నింటికో అలా వ్రాస్తారు. “అప్పుడే 1965 నాటివారి వేళలతో మనది పోల్చడానికి వీలవుతుంది. ఎవరైనా ఒకరు వేళ తప్పు వ్రాస్తే, తరువాతివాళ్ళు నక్షత్రమే మారిందనుకుంటారు నాన్నా.”

మాష్టారుగారూ మిగతా పిల్లలూ టీ కాచుకోవడానికి కిందికి వెళ్ళారు. గడియారం చూచాను. ఒంటిగంట నలభైకి ఇంకా అయిదు నిమిషాలుంది. ఇక ఆగలేకపోయాను. సంచిలోనుంచి కాగితం తీసి దాని చేతిలో పెట్టి అంతా చెప్పాను.

అది ఎర్రటి టార్చివెలుగులో చక్రం చూచింది. కోపం వస్తుందనుకున్నాను. “నాయనమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది, గ్రహణం నడిమధ్యన పుట్టావే అని. నేను లెక్క చూచుకున్నాను. ఆ రాత్రి సంపూర్ణగ్రహణం ఒకటీ ఇరవైరెండునుంచి రెండూ ముప్ఫైఎనిమిదిదాకా. నేను బాగా లోపలే వచ్చాను” అన్నది. కాసేపాగి, “నువ్వు కూడా భయపడ్డావా నాన్నా?” అన్నది.

“భయపడ్డాను.”

“గ్రహణానికా?”

“కాదు. నిన్ను వద్దంటారేమోనని.”

అది కాగితం మడిచి నాకిచ్చింది. “వాళ్ళకి అసలువేళ వ్రాసి పంపు. నేను పరిశోధనకు దరఖాస్తు పెట్టానని కూడా వ్రాయి. ఆ రెండూ తెలిసి వస్తానంటే వచ్చి చూడమను.”

కింద ఎవరో టీకి పిలిచారు. అది వెళ్ళలేదు. తరువాతి గ్రహణం అయిదూ ఇరవై దాటాక. అప్పటికి నక్షత్రం కొండ వెనక్కు దిగిపోతుంది. అయినా దిగేదాకా బొమ్మలు తీస్తూనే ఉండాలట.

పొద్దున్నే ఆలంగాయం బస్సుకోసం మిద్దె అరుగుమీద కూర్చుని, జాతకంలో వేళ కొట్టివేసి పక్కన దిద్దాను. ఒంటిగంట నలభై నిమిషాలు. నిద్రకళ్ళతో మా అమ్మాయి భుజంమీదుగా వంగి చూచి, “ఆ ఆసుపత్రి గడియారం సరిగ్గా నడిచేదా?” అని అడిగింది.

గోడమీద పెద్ద గడియారం ఒకటి ఉండటం జ్ఞాపకం. అది సరిగ్గా నడిచేదో లేదో ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు. కలం మళ్ళీ తీసి, నిమిషాలకు ముందు ‘సుమారు’ అని వ్రాశాను.